నా పొగ, మా అమ్మాయి పొగ

మా అమ్మాయి పురిటికని సింగపూర్ వెళ్ళినప్పుడు నా పెట్టెలో వాము, శొంఠి, పసుపుకొమ్ములు, వసకొమ్ము, వాటి కింద పాతచీర ముక్కలో చుట్టిన సాంబ్రాణి పొట్లం ఉన్నాయి. పసిబిడ్డకి నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ పట్టకపోతే ఆ స్నానం పూర్తయినట్టు నాకనిపించదు. మా అమ్మ నా పిల్లలకి పట్టింది. ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. పదకొండో రోజు స్నానమయ్యాక, బొగ్గులు దొరక్క కొబ్బరిచిప్ప ముక్క కాల్చి దానిమీద చిటికెడు వేశానో లేదో, మా అమ్మాయి పిల్లని ఎత్తుకుని పడగ్గదిలోకి పోయి తలుపేసుకుంది.

"నెల నిండని పిల్లకి పొగేమిటమ్మా? డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా!"

విన్నాను. విని, ఆ డాక్టర్లు ఎంతమంది పిల్లల్ని పెంచారులే అనుకున్నాను. ఆ రోజంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. అల్లుడు పాపం ఇద్దరికీ విడివిడిగా కాఫీలు అందించాడు.

సరే, పొట్లం మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. మూడు వారాలు తిరక్కుండా ఇంటికో పార్సెల్ వచ్చింది. అందులో జానెడు ఎత్తున్న నల్లటి పింగాణీ కొండ, గోపురాల్లాంటి ధూపం బిళ్ళలు, ఒక కట్ట సన్నటి కడ్డీలు. బిళ్ళని కొండ మీద పెట్టి వెలిగిస్తే పొగ పైకి పోకుండా జలపాతంలా కిందికి జారుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. డబ్బా మీద ఇంగ్లీషులో ప్రశాంతత, గాఢనిద్ర, వేల ఏళ్ళ చైనా జ్ఞానం అని ఏవేవో రాసుంది. మా అమ్మాయి హాల్లో దాన్ని వెలిగించుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎనిమిదడుగుల దూరంలో ఉయ్యాల.

"మరిదేమిటే?" అన్నాను.

"ఇది వేరమ్మా. చైనావాళ్ళది. వెల్‌నెస్ కోసం."

నాకు ఒళ్ళు మండిన మాట నిజం. నాది పొగ, దానిది వెల్‌నెస్సా? ఆ మంటతోనే పిల్ల నిద్రపోయినప్పుడల్లా చైనావాళ్ళ సుగంధాల గురించి దొరికిందల్లా చదివాను. గెలుద్దామనే చదివాను, అబద్ధమెందుకు? చదివాక తేలింది, తప్పు ఇద్దరిదీనని. ఇంకో సంగతి కూడా తేలింది. ఈ విషయంలో చైనావాళ్ళు అన్నిటికన్నా తెలివిగా కనిపెట్టినదేదో సరిగ్గా దాన్నే ఆ డబ్బా అమ్మినవాళ్ళు వదిలేశారు.

చైనా భాషలో సువాసనకీ, ధూపానికీ ఒకటే మాట: షియాంగ్. ఆ అక్షరంలో పైన ధాన్యం, కింద తీపి ఉంటాయట. అంటే పూలూ కాదు, చందనమూ కాదు, గింజల కమ్మదనంలోంచి పుట్టింది వాళ్ళ సువాసన. కొత్తబియ్యం ఉడుకు పట్టినప్పుడు వీధి గుమ్మం దాకా వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి, ఆ అక్షరం ఎవరు రాశారో గానీ వంటింటి మనిషే అయ్యుంటారనిపిస్తుంది.

1972లో చాంగ్షా ఊరి దగ్గర మావాంగ్‌దుయి అనే చోట ఒక ప్రభువు భార్య సమాధి తవ్వారు. ఆవిడ పోయి రెండువేల ఏళ్ళు దాటినా శరీరం చెడలేదు. ఆవిడతోపాటు సుగంధ మూలికలు నింపిన పట్టు సంచులు, ఎండిన ఆకులు కూరిన తలగడ, ధూపం వేసుకునే పాత్రలు, బట్టలకి ధూపం పట్టడానికి పాత్ర మీద బోర్లించే వెదురు బుట్ట దొరికాయి. ఆ బుట్ట బొమ్మ చూసి నేను నవ్వుకున్నాను. మా అమ్మమ్మ తలంటి పోశాక ఇలాంటి బుట్టే బోర్లించి, దానిమీద జుట్టు పరిచి సాంబ్రాణి వేసేది. తలగడలో కూరిన ఆకు, తేమ వల్ల వచ్చే కడుపుబ్బరానికీ, తల దిమ్ముకీ చైనా వైద్యంలో ఇప్పటికీ వాడేదే. అయితే ఆవిడ శరీరాన్ని పరీక్ష చేసిన డాక్టర్లు తేల్చిందేమిటంటే పిత్తాశయంలో రాళ్ళు, గుండె రక్తనాళాల్లో పూడికలు. చివరికి పోయింది గుండెపోటుతో. కడుపులో ఖర్బూజా గింజలు కూడా దొరికాయి. ఇన్ని సుగంధాలు పక్కన పెట్టుకున్న మనిషి! ఈ సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. నవ్వలేదు.

పొగ కొండలు కూడా కొత్తవి కావు. ఇంచుమించు ఆ కాలంలోనే కంచుతో కొండ ఆకారంలో ధూపపాత్రలు చేసేవారు. శిఖరాల మధ్య సందుల్లోంచి పొగ మబ్బులా లేచేది. 1968లో హెబెయ్ రాష్ట్రంలో ఒక రాకుమారుడి సమాధిలో బంగారు తీగెలు పొదిగిన అలాంటి పాత్ర దొరికింది. దేవతలుండే కొండల మీద మేఘాలన్నమాట. మా అమ్మాయి పింగాణీ కొండ దానికి ముని ముని మనవరాలు. కాకపోతే అందులో పొగ పైకి పోయేది, ఇందులో కిందికి, అంటే నేల మీద పాకే పిల్లల ముక్కు దగ్గరికి వస్తుంది.

అసలు సంగతి ఇక్కడుంది. సుమారు వెయ్యేళ్ళ కిందట, సోంగ్ వంశం ఏలిన రోజుల్లో, ధూపం అంటే రాజులకీ గుడులకీ మాత్రమే అన్న స్థితి పోయి చదువుకున్నవాళ్ళ ఇళ్ళలోకి వచ్చేసింది. ధూపం వెయ్యడం, టీ చిలకడం, గోడకి బొమ్మ వేలాడదీయడం, పూలు అమర్చడం, ఈ నాలుగూ తెలిస్తేనే సంస్కారమున్న మనిషి కింద లెక్క. మందులూ, పాళ్ళూ రాసిన ధూప గ్రంథాలే పుట్టాయి. అప్పటి రసికులు కోరుకున్నది పొగ లేని సువాసన. వాళ్ళ పద్ధతి ఇదీ: పాత్ర నిండా మెత్తటి జల్లెడ పట్టిన బూడిద పోస్తారు. బాగా రాజుకున్న చిన్న బొగ్గుముక్కని అందులో పూడుస్తారు. పైన బూడిదని కుప్పగా సర్ది, గాలాడటానికి సన్నటి బొక్క పెడతారు. దానిమీద పల్చటి అభ్రకం రేకో, వెండి రేకో ఉంచి, ఆ రేకు మీద అగరు చెక్క తునక పెడతారు. మన గూడూరు ప్రాంతంలో తవ్వే అభ్రకమే. నిప్పు తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. చెక్క కాలదు, వెచ్చబడి లోపలి నూనె వదులుతుంది. పొగ కనిపించిందంటే బొగ్గు పైకి ఉందని, వేసినవాడికి చేతకాలేదని అర్థం.

ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మేం తల్లీకూతుళ్ళం పొగ గురించి పోట్లాడుకున్నాం. వెయ్యేళ్ళ కిందటే వాళ్ళు పొగనీ సువాసననీ విడదీసేశారు.

విడదీయడం ఎందుకు అవసరమో చెప్పే లెక్కలు కూడా చైనావాళ్ళ ఇళ్ళలోంచే వచ్చాయి. సింగపూర్లో ఉండే చైనీయుల్ని 61,320 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజూ ఏళ్ళపాటు ఇంట్లో ధూపం వెలిగించేవాళ్ళలో, మొత్తం ఊపిరితిత్తుల క్యాన్సర్ల లెక్కలో తేడా రాలేదు గానీ, శ్వాసమార్గం పై భాగంలో వచ్చే కొన్ని క్యాన్సర్లు, స్క్వామస్ అనే రకం క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఒక గ్రాము ధూపం కడ్డీ కాలితే సగటున 45 మిల్లీగ్రాముల సన్నటి ధూళి వస్తుందని, సిగరెట్టుకి అది 10 మిల్లీగ్రాములని ఇంకో లెక్క. అగరుబత్తీ వెలిగించిన ప్రతివాళ్ళకీ ఏదో అయిపోతుందని నేననడం లేదు. పూజలో ఒకటి వెలిగించి కిటికీ తీస్తే కొంప మునగదు. తలుపులన్నీ మూసి ఏసీ వేసిన ఫ్లాటులో, నెల పిల్ల ముందు, రోజూ పావుగంట అంటే మాత్రం అది పొగే. సాంబ్రాణి పొగా, చైనా పొగా అని పిల్ల ఊపిరితిత్తులు అడగవు.

"మరి దేవుడికో?" అని మా వదిన ఫోన్లో నిలదీసింది. తైపీ నగరంలో షింగ్‌టియన్ గుడి అని చాలా పేరున్న గుడి. అక్కడ కొలిచేది గ్వాన్ యూ అనే వీరుణ్ణి. ధూపం కడ్డీలు పట్టుకుని రోజూ వేలమంది వచ్చేవారు. 2014 ఆగస్టులో ఆ గుడివాళ్ళే ధూపపాత్రలు తీయించేశారు, చేతులు జోడించి దణ్ణం పెడితే చాలన్నారు. బయట కడ్డీలమ్ముకునేవాళ్ళకి కష్టమే అయింది, అది కాదనను. భక్తులు మాత్రం రావడం మానలేదు.

ఇక ఈ సుగంధం చైనావాళ్ళదే, మనకి సంబంధం లేదు, అందుకే గొప్ప అనే మాట. 1974లో చువాన్‌జో రేవు దగ్గర బురదలోంచి ఓ పాత ఓడని బయటికి తీశారు, పదమూడో శతాబ్దం చివరిది. అందులో రెండువేల కిలోలకి పైగా సుగంధ దారువులు, వాటితోపాటు మిరియాలు, వక్కలు. ఇవన్నీ దక్షిణ సముద్రాల మీంచి చైనాకి పోయిన సరుకులు. అదే ఊళ్ళో తమిళ వర్తకులు 1281లో శివుడి గుడి కట్టించుకున్నారు. మనవైపు చూస్తే, కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టీ ఉంది. చందనం, ముత్యాలు, పన్నీరు, పునుగు, వాటి మధ్య చీనీ కర్పూరం. అంటే మన చందనం వాళ్ళ ఇంట్లోనూ, వాళ్ళ కర్పూరం మన ఇంట్లోనూ కాలుతూనే ఉన్నాయి. అగరునే తీసుకోండి. సంస్కృతంలో ఆ పేరు విడదీస్తే బరువు లేనిది అని వస్తుంది. చైనా పేరు చెన్‌షియాంగ్, అంటే మునిగే సుగంధం, మంచి చెక్క నీళ్ళలో మునుగుతుంది కాబట్టి. ఒకే చెక్కకి ఒకరు తేలిక అని, ఒకరు బరువని పేరు పెట్టుకున్నారు.

ఆ చెక్క ఎలా తయారవుతుందో తెలిశాక డబ్బా మీది మాటలు మరీ నవ్వొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టులో సుగంధం ఉండదు. చెట్టుకి గాయమై, బూజు పట్టి, ఆ పుండు మానడానికి చెట్టు ఊరించుకున్న జిగురే అగరు. అందుకు ఏళ్ళు పడుతుంది. కవి సు షీ ముసలితనంలో హైనాన్ దీవికి ప్రవాసం పోయి, తిండికీ మందుకీ ఇబ్బంది పడుతూ కూడా, తమ్ముడి పుట్టినరోజుకి కొండలా ఉన్న అగరు మొద్దుని కానుకగా పంపాడట. అడవుల్లో ఆ చెట్ల కోసం నరుకుడు ఎక్కువై, 2004లో ఆ జాతి చెట్లన్నిటినీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. సువాసనల రేవు అని పేరున్న హాంకాంగ్‌లోనే దొంగలు రాత్రిళ్ళు ఆ చెట్లు నరుక్కుపోతున్నారు. మేలురకం అగరు బంగారం ధరతో పోటీ పడుతుంది. మరి అగరు బిళ్ళలు డజన్ల లెక్కన చవగ్గా పార్సెల్లో వచ్చాయంటే అందులో ఏముంటుంది? రంపపు పొట్టు, జిగురు, ఫ్యాక్టరీ సెంటు. మన అగరుబత్తిలో అగరు ఎంతుందో అందులోనూ అంతే.

మందు సంగతి ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. సుగంధ మూలికలతో వైద్యం చైనాలో నిజంగా ఉంది, పాతది, పెద్దది. అందులోంచి వచ్చిన పెద్ద వరం మలేరియాకి ఆర్టెమిసినిన్. తు యూయూ అనే శాస్త్రవేత్తకి 2015లో నోబెల్ తెచ్చిపెట్టింది. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో ఆ మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉందట. కాచమని లేదే, వేడికి గుణం పోతుందేమో అని ఆవిడకి తోచింది. తక్కువ వేడిలో సారం తీసి, ముందు తన మీదే పరీక్ష చేసుకుంది. రెండోవైపు కూడా చూడాలి. గుండెనొప్పికి వాడే ఒక పాత సుగంధ గుళికలో ఉండే ఒక వేరు మూత్రపిండాల్ని పాడుచేస్తుందని తేలి, 2004లో చైనా ప్రభుత్వమే దాన్ని తీయించేసి వేరే వేరు వాడమంది. పాతదే రెండూ. ఒకటి నిలబడింది, ఇంకోటి నిలబడలేదు. ఏది ఏదో వాసన చూసి చెప్పలేం.

మరి మా అమ్మాయి ఆ కొండ ముందు కూర్చుంటే దాని మొహం తేటపడేది, అది నేను కళ్ళారా చూశాను. వెనకటి చైనాలో గడియారం బదులు ధూపం కాల్చేవారు. ఒక కడ్డీ కాలేంతసేపు అంటే అదో కాలం కొలత. ఆ కాసేపు ధ్యానమో, చదువో, ఊరికే కూర్చోవడమో. నా కూతురికి కావాల్సింది అదేనని నాకు ఆలస్యంగా వెలిగింది. రాత్రి మూడుసార్లు లేచి పాలిస్తూ, పగలు నా పత్యాలూ, నా సలహాలూ, నా సాంబ్రాణీ భరిస్తూ ఉన్న పిల్లకి, ఎవరూ పిలవని పావుగంట కావాలి. అది నన్ను అడగలేక పార్సెల్ తెప్పించుకుంది. ఆ మర్నాటినించి సాయంత్రం ఐదున్నరకి పిల్లనెత్తుకుని నేనే కిందికి వెళ్ళిపోయేదాన్ని. పింగాణీ కొండ అలమర ఎక్కింది. ఎవరూ ఎక్కించమనలేదు.

అలా కింద తిరుగుతున్నప్పుడే పక్క ఫ్లాటు చైనా ఆంటీ పరిచయమైంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. నాది బట్లర్ ఇంగ్లీషు, ఆవిడది అంతకన్నా బట్లర్. అక్కడ అందరినీ ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి నేనూ ఆవిడకి ఆంటీనే. వాళ్ళ ఐదో నెల ఐదో రోజు డ్రాగన్ పడవల పండగ. ఎండలు ముదిరి పురుగూపుట్రా లేచే నెల కాబట్టి దాన్ని విషపు నెల అంటారు. ఆ రోజు గుమ్మానికి రెండు రకాల ఆకులు కట్టి, పిల్లలకి సుగంధ మూలికలు కుట్టిన చిన్న పట్టుసంచి తగిలిస్తారు. ఆంటీ గుమ్మానికున్న ఆకుల్లో ఒకటి నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆ వాసన నాకు తెలుసు! వినాయకచవితి పత్రిలో మొదటిది మాచిపత్రి, దాని తోడబుట్టిన మొక్క అది. కత్తిలా పొడుగ్గా ఉన్న రెండోది ఏమిటనుకున్నారు? వస. నా పెట్టెలో ఉన్న వసకొమ్ము తాలూకు ఆకే.

కాకపోతే చిన్న తేడా. ఆవిడ వసని గుమ్మానికి కట్టింది. నేను అరగదీసి పిల్ల నాలుక మీద రాద్దామని తెచ్చాను. వసలో ఉండే ఒక పదార్థం మంచిది కాదని 1968లోనే అమెరికాలో ఆహారంలో దాన్ని నిషేధించారని అప్పటికి చదివేశాను కాబట్టి ఆ కొమ్ము పెట్టెలోంచి బయటికే తీయలేదు. వాళ్ళలోనూ ఆ పండగకి ఆర్సెనిక్ ఉన్న ఖనిజం కలిపిన సారా తాగే ఆచారం ఉండేదట. ఇప్పుడెవరైనా తాగుతారా అని అడిగితే ఆంటీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "నో నో, పాయిజన్" అంది. సంచి మాత్రం కుడతారు.

మా మనవరాలికీ ఒకటి ఇచ్చింది. ఎర్రపట్టు, పులి మొహం, కింద ఐదు రంగుల దారాలు. నోట్లో పెట్టుకుంటుందని ఉయ్యాలకి కట్టకుండా, చెయ్యి అందని ఎత్తులో కిటికీ కొక్కేనికి తగిలించాం. గాలి వచ్చినప్పుడల్లా లవంగం, మాచిపత్రి కలిసినట్టు సన్నగా వాసన. నిప్పు లేదు, పొగ లేదు. దీనివల్ల పిల్లకి జలుబు చెయ్యలేదని నేనెవరికీ చెప్పను. చేసింది, రెండుసార్లు.

నేను తిరిగొచ్చేటప్పుడు సాంబ్రాణి పొట్లం మళ్ళీ విప్పకుండానే వెనక్కి తెచ్చాను. మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, పులి సంచిలో వాసన పోయింది, అందులో ఏం నింపను?" అంది. ఆంటీని అడగమన్నాను. అడిగిందట. నీ ఇష్టం, మీ అమ్మనడుగు అందట ఆవిడ. ఈసారి వచ్చేటప్పుడు వట్టివేళ్ళు తెస్తాలే అన్నాను. అందాకా నాలుగు లవంగాలు వేసి కుట్టమన్నాను.